కాలు కదిలిందప్పా

ఈ రోజు పొద్దున లత్తేరి మైదానంలో నాకు రెండు శబ్దాలు వినిపించాయి. ఒకటి దేవకి చేతిలోని డిటెక్టర్‌ది. మట్టిలో ఇనుప ముక్క తగిలినప్పుడు అది ఎవరో పళ్ళ సందున ఈల వేసినట్టు సన్నగా మోగుతుంది. పదిహేనేళ్ళుగా వింటున్నాను కాబట్టి దానికి ఉలిక్కిపడను. రెండోది ఆమె బూట్ల చప్పుడు. డిటెక్టర్ ఎడమకు పోయినప్పుడు ఒకసారి టప్పుమని, కుడికి పోయినప్పుడు మరోసారి టప్పుమని, ఎవరూ పట్టించుకోనంత మెత్తగా వచ్చింది. దానికి మాత్రం నా ఒళ్ళు జల్లుమంది. ఆ చప్పుడు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అది మగ్గం చప్పుడు.

మా పని గురించి నాలుగు మాటలు చెప్పకపోతే ఈ గోల ఎవరికీ అర్థం కాదు. యుద్ధాలు ముగిసిన దేశాల్లో పొలాల్లోనూ బాటల పక్కనా మందుపాతరలు మిగిలిపోతాయి. వాటిని వెతికి తీసేవాళ్ళకు చేతి డిటెక్టర్ పట్టడం నేర్పే మైదానం మాది. వేలూరు నుంచి గుడియాత్తం పోయే దారిలో, రైలు పట్టాలకు కొంచెం ఎడంగా ఉంటుంది. మీటరు వెడల్పున తాళ్ళు కట్టి బాటలు చేసి, వాటిలో పేలని బొమ్మ పాతరలు పాతిపెడతాం. నేర్చుకునేవాళ్ళు డిటెక్టర్ తలను నేలకు రెండు వేళ్ళ ఎత్తున ఎడమకూ కుడికీ ఊపుతూ రావాలి. మోగిన చోట ఆగి, గుర్తు పెట్టి, పక్క నుంచి మట్టి గోకి తీయాలి. డిటెక్టర్ చూడని నేల మీద కాలు పడకూడదు. తప్పితే ఇక్కడ మార్కులు పోతాయి, అక్కడ కాలే పోతుంది. దేవకి పరీక్ష కాగితం మీద సాయంత్రం లోపల నేను సంతకం పెట్టాలి, లేదా పెట్టకుండా వెనక్కి ఇవ్వాలి. పెడితే వచ్చే నెల ఆమె శ్రీలంక ఉత్తరాన పనికి పోతుంది. ఏం చేయాలో నాకు తోచలేదు. అలా తోచకపోవడానికి కారణం ఆమె కాదు, మా మునిరత్నం సారు.

మునిరత్నం హవల్దారుది పొన్నై అనే ఊరు. సైన్యంలో మందుపాతరలు తీసే దళంలో చేసి, రిటైరై వచ్చి, ఇక్కడ మాకు గురువయ్యారు. పొట్టి మనిషి. ఒంటి మీద లోహమన్నది ఉండనిచ్చేవారు కాదు. కళ్ళజోడు కాడ విరిగితే నూలు దారం చుట్టుకున్నారు తప్ప తీగ చుట్టలేదు. మొదటి రోజు మా పద్నాలుగు మందినీ వరసగా నిలబెట్టి ఉంగరాలు, గడియారాలు, మొలతాళ్ళకు కట్టుకున్న తాయెత్తులు అన్నీ తీయించారు. నా తాయెత్తూ, నా పక్కన నిలబడ్డ యేసుపాదం మెడలోని సిలువా ఒకే ప్లాస్టిక్ డబ్బాలో పడ్డాయి. సారు మూత పెడుతూ, "దేవుళ్ళంతా కొంచేపు ఇందులో కూచోండి నాయనా, బిడ్డల్ని పని చేసుకోనీండి," అన్నారు. మేము పగలబడి నవ్వాం. ఆయన నవ్వలేదు. డబ్బాను దూరంగా చింతచెట్టు కింద పెట్టి, చేతులు దులుపుకుని వచ్చారు.

నేను అప్పటికి గుడియాత్తంలో గుంటమగ్గం మీద లుంగీలు నేసేవాణ్ణి. మా నాన్న, ఆయన నాన్న ఆ గుంటలోనే కాళ్ళు పెట్టుకుని బతుకు వెళ్ళదీశారు. మగ్గం చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. చేత్తో తాడు లాగితే అడ్డపోగు మోసే నాడె పడుగు పోగుల మధ్య ఇటు నుంచి అటు పరుగెత్తుతుంది. అటు పోతే ఒక కాలితో కింద చెక్కను తొక్కాలి, ఇటు వస్తే రెండో కాలితో తొక్కాలి. నేను పన్నెండో ఏట కూర్చున్నాను, ముప్పయ్యో ఏట లేచాను. ఆ గుంటలోంచి బయటపడితే చాలు, ఎక్కడైనా సరే అనుకునేవాణ్ణి. యేసుపాదం లత్తేరివాడు, తోళ్ళ ఫ్యాక్టరీలో పని. ఈ శిక్షణ సంగతి వాడే మోసుకొచ్చాడు. "రారా గోయిందా, నువ్వు గుంట వదిలెయ్, నేను కంపు వదిలేస్తా, ఇద్దరం విమానం ఎక్కేద్దాం," అన్నాడు. మందుపాతరలంటే భయం లేదా అని మా అమ్మ అడిగింది. ఆ గుంటలో ముసలాణ్ణయిపోవడమే నాకు ఎక్కువ భయమని చెప్పాను.

డిటెక్టర్ నా చేతికి వచ్చిన వారానికే నేను పేరు తెచ్చుకున్నాను. మగ్గం హోరులో ఒక్క పోగు తెగినా పట్టుకునే చెవి నాది. అక్కడి ఎర్రమట్టిలో ఇనుప రాళ్ళుంటాయి, అవీ కుయ్యిమంటాయి. మేకు ఎలా మోగుతుందో, సీసా మూత ఎలా మోగుతుందో, పాతరలోని సన్నటి ముల్లు ఎలా మోగుతుందో నేను కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. "చెవి ఉండాదప్పా నీకు," అన్నారు సారు ఒక రోజు. ఆ రోజు నేను బస్సులో కూడా నిలబడలేక నిలబడ్డాను, అంత పొంగిపోయాను. రైలు పోయినప్పుడు పైనున్న కరెంటు తీగల వల్ల మా డిటెక్టర్లన్నీ ఒక్కసారిగా గొల్లుమనేవి. సారు చెయ్యెత్తేవారు, మేమంతా ఉన్నచోట ఆగిపోయేవాళ్ళం. అందరం శబ్దం కోసం చెవులు రిక్కిస్తే, ఆయన మాత్రం ఎప్పుడూ మా కాళ్ళ వైపే చూసేవారు. మొహాలు చూసేవారు, మళ్ళీ కాళ్ళు చూసేవారు. "ఈయప్పకి బూట్ల మీద మోజురా, రిటైరయినాక చెప్పుల కొట్టు పెట్టేదానికి చూస్తా ఉండాడు," అనేవాడు యేసుపాదం.

పరీక్ష రోజు నా బాటలో తొమ్మిది పాతరలున్నాయి. తొమ్మిదీ పట్టాను. యేసుపాదం ఒక దాన్ని దాటిపోబోయి, మళ్ళీ వెనక్కి ఊపి పట్టుకున్నాడు. నేను బాట చివరికి వచ్చి, హెల్మెట్ తీసి, పెళ్ళికొడుకులా నిలబడ్డాను. సారు నెమ్మదిగా నడిచి వచ్చారు.

"కాలు కదిలిందప్పా," అన్నారు.

"ఎవరి కాలు సార్?"

"నీదే. ముందుకి పోలేదు, ఉన్నచోటే లేసి పడినాది. ఎడమకి ఊపితే ఒగటి, కుడికి ఊపితే ఇంకోటి. బాటంతా నేసుకుంటా వచ్చినావు. అట్ల లేసే కాలు ఒగనాడు చూడని నేల మీద పడతాది."

"తొమ్మిదీ పట్టినాను కదా సార్!"

"పట్టినావు. చెవికి నూటికి నూరు. కాలికి సున్నా."

ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. చేతి తొడుగులు తీసి నేలకేసి కొట్టాను. తెలుగులో తిట్టడం మొదలుపెట్టి అరవంలో ముగించాను. నిజం చెప్పాలంటే నా కాలు కదిలిన సంగతి నాకు తెలియదు. నాకు తెలిసి అది రాయిలా ఉంది. యేసుపాదాన్ని అడిగితే, "నేను నా బాట చూసుకుంటి, నీ కాలు యాడ చూస్తిని రా," అన్నాడు. చూసిన మనిషి ఒక్కరే, ఆయనే మార్కులు వేసే మనిషి. నేను మగ్గాన్ని వదిలేశాననుకుంటే మగ్గం నన్ను వదల్లేదన్నమాట. ముప్పయ్యేళ్ళవాణ్ణి, రైలు పట్టాల వైపు తిరిగి ఏడ్చాను. యేసుపాదం వచ్చి భుజం మీద చెయ్యి వేసి, తనూ పోనన్నాడు. "పోరా, నాటకాలు ఆడొద్దు," అని వాణ్ణి తోసేశాను. ఆ నెలలోనే వాడు విమానం ఎక్కాడు.

రెండు రోజుల తర్వాత సారు బస్సెక్కి గుడియాత్తంలో మా ఇంటికి వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మగ్గం గుంట గట్టు మీద, కాళ్ళు లోపలికి వేలాడేసి కూర్చున్నారు. మా అమ్మ కాఫీ ఇచ్చింది. సగం తాగాక, "రేపట్నించి నాతో వచ్చెయ్యి. బొమ్మలు పాతేదానికీ, మెషిన్లు సరిచూసేదానికీ మనిషి కావాల," అన్నారు.

"కాలు బాగలేనివాణ్ణి నేనేం నేర్పుతాను సార్?"

"నేర్పేదానికి కాలెందుకప్పా? చెవి చాలు."

మా అమ్మ మొహం వెలిగిపోయింది, కొడుకు ఊళ్ళోనే ఉంటాడు కదా. నాకు మాత్రం ఆ కాఫీ గ్లాసు లాక్కోవాలన్నంత కోపం వచ్చింది. అయినా మర్నాడు పొద్దున్నే పోయాను. ఎందుకు పోయానంటే, పోకపోతే ఆ గుంటలో మళ్ళీ కాళ్ళు పెట్టాలి.

అక్కడ రోజూ పొద్దున ఒక క్రమం ఉండేది. బాటలోకి పోయే ముందు ప్రతి డిటెక్టర్‌నూ ఒక చిన్న ఇనుప ముక్క మీద ఊపి, మోగుతోందో లేదో చూడాలి. మోగకపోతే ఆ రోజుకు దాన్ని ముట్టకూడదు. నేను చేరిన రెండు నెలలకు, ఒక మెషిన్‌లో బ్యాటరీలు వేయడం మర్చిపోయాను. గుర్తొచ్చేసరికి అది సారు చేతిలో ఉంది. నోరు తెరిచే లోపలే ఆయన దాన్ని ఇనుప ముక్క మీద ఊపారు. చిన్న కుయ్యి కూడా లేదు. సారు ఎప్పటిలాగే తల పక్కకు వంచి, ఒక క్షణం విని, "బాగుండాది, తీసుకో," అని నా చేతికిచ్చారు.

నేను షెడ్డులోకి పోయి బ్యాటరీలు వేసుకొచ్చాను. సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను, ఆ వారంలో ఇంకో రెండు సార్లు కావాలనే బ్యాటరీలు తీసి ఇచ్చాను. రెండు సార్లూ బాగుండాదనే అన్నారు. మాటలు ఆయనకు వినపడతాయి. ఆ సన్నటి ఈల మాత్రం వినపడదు. ఏళ్ళ తరబడి పేలుళ్ళ పక్కన నిలబడ్డ చెవులు మరి. డిటెక్టర్ మోగినప్పుడు మా మొహాల్లో వచ్చే మార్పు చూసి ఆయన మోగిందని తెలుసుకునేవారు. శబ్దం నేర్పే గురువుకు ఆ శబ్దమే వినపడదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పటి నుంచి నా బుర్ర పాడైంది. చెవి లేదు కాబట్టే ఆయన కళ్ళు అంత చురుగ్గా పనిచేశాయి, ఇంకెవరికీ కనిపించని నా కాలు ఆయనకు కనిపించింది అని ఒకసారి అనిపిస్తుంది. అంతలోనే, చెవి లేదు కాబట్టి ఆయనకు ఒక చెవి కావాల్సి వచ్చింది, నాది నచ్చింది, అట్టిపెట్టుకున్నారు అనిపిస్తుంది. ఎటు వైపు నుంచి చూసినా లెక్క సరిపోతోంది. ఆఫీసులో చెబితే ఆయన ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఒక చెడిపోయిన మెషిన్ ఎవరి ప్రాణమో తీస్తుంది. కాబట్టి రోజూ ఆయన కంటే గంట ముందు వచ్చి అన్నిటినీ నేనే వినిపెట్టేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆయనే మెషిన్ నాకిచ్చి, "నువ్వొగసారి ఇనప్పా," అనడం మొదలుపెట్టారు. నాకు తెలుసని ఆయనకు తెలుసేమో. ఆ మాట మా ఇద్దరి మధ్య ఎన్నడూ రాలేదు.

విమానం ఎక్కిన ఆరు నెలలకు యేసుపాదం పని చోటు నుంచి ఒక ఫోటో పంపాడు. అందులో వాడూ, వాడి జట్టూ అంతా బాటల్లో మోకాళ్ళ మీద కూర్చుని డిటెక్టర్లు ఊపుతున్నారు. అది చూడగానే నాకు తల తిరిగిపోయింది. మోకాళ్ళ మీద కూర్చుంటే పాదాలు వెనక ఉంటాయి. వెనక ఉన్నది అప్పటికే వెతికేసిన నేల. అక్కడ కాలు తైతక్కలాడినా ఏం కాదు! పరుగున పోయి సారుకు చూపించాను. ఆయన దారం చుట్టిన కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"ఇట్ల కూచుని చేసింటే నేను పాసయ్యేవాణ్ణి కదా సార్?"

"కూచుంటే మొగం నేలకి దగ్గరైతాదప్పా," అన్నారు ఫోటో తిరిగిస్తూ. "కాలు పోతే బతకచ్చు. మొగం పోతే?"

ఆ జవాబులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అప్పటి మా మొహం కవచాలు గీతలు పడి, మసకబారి, బిగింపు వదులై ఉండేవి. కానీ ఆయన ఆ మాట ఎంత తొందరగా అన్నారంటే, ముందే ఆలోచించి పెట్టుకున్నట్టు ఉంది. ముందే ఆలోచించి ఉంటే నాకెందుకు చెప్పలేదు? యేసుపాదం నాలుగేళ్ళు అక్కడ చేసి రెండు కాళ్ళతో, ఒక చిన్న బొజ్జతో తిరిగొచ్చాడు, కాట్పాడిలో కొట్టు పెట్టుకున్నాడు. వాడికి ఏదన్నా అయి ఉంటే సారు నన్ను కాపాడారని దణ్ణం పెట్టుకునేవాణ్ణి. ఇంత పాపపు ఆలోచన నాకు వచ్చిందని వాడికి ఇప్పటికీ తెలియదు.

సారు చివరి రోజుల్లో వేలూరులో ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను రోజూ పోయేవాణ్ణి. అప్పటికి మాటలూ సరిగా వినపడటం లేదు. ఒక మధ్యాహ్నం ఆయన భార్య రాజమ్మగారు భోజనానికి పోయినప్పుడు మంచం పక్కన కూర్చుని గట్టిగా అడిగేశాను. "సార్, ఆ పొద్దు నా కాలు నిజంగా కదిలిందా?" పక్క మంచాల వాళ్ళు కూడా తిరిగి చూశారు. సారు నా నోటి వైపు చూశారు. తర్వాత మెల్లగా ఆయన చూపు నా కాళ్ళ మీదికి దిగింది. నేనూ గభాలున కిందికి చూసుకున్నాను. కాలు కదలకుండానే ఉంది. నేను చూసే ముందు కదిలిందో లేదో దేవుడికే తెలియాలి. సారు నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. అదే మా చివరి మాట, దాన్ని మాట అనగలిగితే.

రాజమ్మగారు ఆయన నోటుపుస్తకం నాకిచ్చారు. సారు మాట్లాడేది తెలుగే గాని రాయడం అరవ అక్షరాల్లో. నేనూ తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాకే నేర్చుకున్నాను, నా భార్యది చిత్తూరు పక్క. నా పేరున్న పేజీలో చెవి గురించి నీలం సిరాతో ఉంది. దాని కింద కాలు కదిలింది అన్నది నల్ల సిరాతో ఉంది. తర్వాత ఎప్పుడో రాశారా? లేక నీలం పెన్ను అయిపోయిందా? ఆ పేజీ చూసి చూసి నలిగిపోయింది.

ఇదంతా మోసుకుని ఈ రోజు దేవకి ముందు నిలబడ్డాను. ఆమెది గుడియాత్తమే, పదిహేనేళ్ళు లుంగీలు నేసిన చేతులు. మా మైదానానికి వచ్చినవాళ్ళలో నా తర్వాత అంత మంచి చెవి ఆమెదే. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మెషిన్లు సరిచూడ్డానికి నాకొక మనిషి కావాలి, ఆఫీసువాళ్ళు చూసుకోమన్నారు. ఆమెను అట్టిపెట్టుకుంటే బాగుంటుందని పది రోజులుగా నా మనసులో ఉంది. అలాంటివాడికి ఈ పొద్దున ఆమె కాలి చప్పుడు వినపడింది. నిజంగా వినపడిందా? నాకు నా మీదే నమ్మకం పోయింది.

"కాలు కదిలిందమ్మా," అన్నాను.

"ఎవరి కాలు సార్?" అంది.

నేను ఆమె బూట్లు చూపించాను. ఆమె కిందికి చూసుకుని అంది: "నాకు తెలీకుండా ఎట్ల సార్? ఫోన్‌లో ఈడియో తీయండి, చూస్తా."

నేను పోయి చింతచెట్టు కింద డబ్బాలోంచి ఫోన్ తెచ్చాను. ఆమె మళ్ళీ బాటలో నిలబడి ఊపింది, నేను దూరం నుంచి తీశాను. ఇద్దరం నీడలో కూర్చుని చూశాం. మడమ లేస్తోంది, పడుతోంది, రెండోది లేస్తోంది, పడుతోంది. దేవకి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, అవును సార్! మగ్గం తొక్కతా ఉండాను!" అని, తర్వాత చాలా చిన్న గొంతుతో, "ఇప్పుడేం చేసేది సార్? నేను మళ్ళీ ఆ గుంటలోకి పోలేను," అంది.

నాతో ఉండిపో అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత సులువుగా వచ్చిందో చూసి నాకే భయమేసింది. "మోకాళ్ళ మీద కూచోమ్మా," అన్నాను. మొహానికి గట్టి కవచం, కొత్తది, నేనే బిగించాను. పరీక్ష కాగితం రెండు వైపులా చదివాను. నిలబడే చేయాలని ఎక్కడా రాసి లేదు. సారు నిలబెట్టి నేర్పారు, నేనూ ఇన్నేళ్ళూ నిలబెట్టే నేర్పాను, ఆ ఫోటో చూసి కూడా. దేవకి కూర్చుని బాటంతా వచ్చింది. వెనక బూట్ల కొసలు ఆడుతూనే ఉన్నాయి, వెతికేసిన నేల మీద. తొమ్మిదీ పట్టింది. నేను సంతకం పెట్టాను. నా పేరు నాది కానట్టు పడింది.

అందరూ పోయాక ఫోన్‌ను కొయ్యకు ఆనించి, వీడియో నొక్కి, డిటెక్టర్ తీసుకుని నేనే బాటలో నిలబడ్డాను. తొమ్మిది పాతరల దాకా ఊపుకుంటూ పోయాను. ఇన్నేళ్ళ తర్వాత ఈ కాలు ఆనాటి కాలి సంగతి చెబుతుందో లేదో నాకు తెలియదు. కానీ కదిలి ఉంటే, పదిహేనేళ్ళుగా ఆయన మీద పెట్టుకున్న కోపానికి నేను ఎక్కడ తల పెట్టుకోవాలి? కదలకపోయి ఉంటే, ఆ పెద్దాయన నాకిక ఏమవుతారు? ఫోన్ తీసి జేబులో వేసుకున్నాను. తెరవలేదు. రేపు పొద్దున మళ్ళీ దాన్ని సారు డబ్బాలో, కొత్తగా వచ్చేవాళ్ళ తాయెత్తులూ సిలువలతో పాటు పెట్టి మూత వేయాలి. కొంచేపు ఇందులో కూచోండి సార్, నన్ను పని చేసుకోనీండి.